భారమైన చట్టము, అన్యాయమైన చట్టము



రోమీయులకు వ్రాసిన పత్రిక పదుమూడవ అధ్యాయము మన సంఘములలో ఎప్పుడెప్పుడు చదువబడునో మీరెన్నడైన గమనించితిరా? పెద్ద అధికారి యెవరైన గుడి ప్రారంభమునకు వచ్చిన దినమున చదువుదుము. ఎన్నికలకు ముందు చదువుదుము. మిరపకాయ కోతల కాలమున పల్లెలోని పడుచువారు కూలి రేటును గూర్చి కొంచెము గట్టిగా మాట్లాడిరో, ఆ ఆదివారపు ప్రసంగమునకు తప్పక ఆ అధ్యాయమే వచ్చును. అధికారులకు లోబడుమని పౌలు చెప్పెను గనుక చట్టము ఎట్టిదైనను విశ్వాసి నోరు మెదపరాదని అయ్యగారు ముగించెదరు. ముందు వరుసలోని పెద్దలు తలలూపెదరు. అందరము ఇండ్లకు పోవుదుము.

నేనిక్కడ విమర్శింపబూనినది పౌలును కాదు; పౌలు పేర మనము చేయు ఆ ప్రసంగమును. దానిలోని లోపమేమనగా, చట్టములన్నిటిని అది ఒకే గాటను కట్టును. భారమైన చట్టము వేరు, అన్యాయమైన చట్టము వేరు. ఈ భేదము తెలియుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. 1921వ సంవత్సరమున మన గుంటూరు జిల్లాలోనే, కొద్ది మైళ్ల ఎడములో, రెండు చట్టముల క్రింద రెండు ఊళ్ల ప్రజలు నలిగిరి. ఒక ఊరి కథ పాఠ్యపుస్తకములలోనికి ఎక్కినది. రెండవ ఊరి కథ పోలీసు రికార్డులలో మిగిలినది. ఆ రెండవదానిలో క్రైస్తవులమైన మనకును పాలున్నది.

మొదటిది మీరెరిగినదే. చీరాల, పేరాల నేతపనివారి ఊళ్లు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఆ రెంటిని కలిపి మునిసిపాలిటీగా చేయ నిశ్చయించెను. ఏటికి నాలుగు వేల రూపాయలకు లోపుగా ఉన్న పన్ను నలుబది వేలగునని జనము గగ్గోలు పెట్టిరి. మగ్గము మీద బ్రతుకువారికి అది చిన్న మాట కాదు. అర్జీలు పెట్టిరి, వినిన వారు లేరు. పన్ను కట్టక కొందరు జైలుకు పోయిరి; వారిలో ఒక స్త్రీయు ఉండెను. బెజవాడలో కాంగ్రెసు సభలు ముగిసిన పిమ్మట, 1921 ఏప్రిలులో గాంధీగారు చీరాలకు వచ్చిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు అప్పటి నాయకుడు. ఊరిలో మనుష్యులే లేనిచో మునిసిపాలిటీ ఎవరిదగునని తలపోసి, సుమారు పదిహేను వేల జనములో ఎక్కువమంది ఇండ్లకు తాళములు వేసి, పసిపిల్లలను చంకనెత్తుకొని ఊరి హద్దు దాటిరి. అక్కడ పాకలు వేసికొని, ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టుకొని, ఇంచుమించు పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. గోపాలకృష్ణయ్యగారికి ఒక సంవత్సరము జైలు శిక్ష పడెను. కడకు జనము తిరిగి ఇండ్లు చేరవలసివచ్చినది.

వారి ధైర్యమునకు నమస్కరించి యొక మాట అడిగెదను. మునిసిపాలిటీ పన్ను స్వభావమునుబట్టి పాపమా? నీళ్లకు, వీధులకు, దీపములకు ఎవరో ఒకరు డబ్బు ఈయవలెను గదా. ఆ పన్ను చీరాలకు తగినదా కాదా యను విషయమై మంచివారే ఇరుప్రక్కల నిలిచి వాదింపవచ్చును. అడుగకుండ మోపబడినది గనుక దానిలో అన్యాయపు పాలు లేకపోలేదు. అయినను ముఖ్యముగా అది భారమైన చట్టము. అది మనుష్యుని యొద్ద ఉన్న దానిలో కొంత తీసికొనును. మనుష్యుడు ఎవడో అది నిర్ణయింపదు. పన్ను కట్టినవానిని విడిచిపెట్టును. ఇష్టము లేనివాడు ఊరు విడిచిపోవచ్చును. పదిహేను వేల జనములో ఎక్కువమంది విడిచిపోగలిగిరి. ఈ చివరి సంగతిని జ్ఞాపకముంచుకొనుడి.

ఇప్పుడు రైలుదారి వెంట ఉత్తరముగా, బాపట్ల వైపు రండు. రెండు పట్టణముల నడుమ స్టూవర్టుపురమను స్టేషను తగులును. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేర వెలసిన ఊరది. 1913 ప్రాంతమున ప్రభుత్వము ఎరుకల కుటుంబములను అనేక చోట్ల నుండి తెచ్చి అచ్చట కూర్చి, ఆ సెటిల్‌మెంటును నడుపుటకు రక్షణ సైన్యమునకు, అనగా సాల్వేషన్ ఆర్మీకి, అప్పగించెను. చీరాలవారు తమ ఇష్టముతో ఊరి హద్దు దాటిన ఆ 1921లోనే ఈ ఊరివారు పాసు లేనిదే తమ ఊరి హద్దు దాటరాదు. దాటి దొరికినవానిని వారంటు లేకయే పట్టుకొనుటకు పోలీసువానికే గాక గ్రామ మునసబుకును, తలారికిని అధికారముండెను.

వారు చేసిన నేరమేమి? ఈ ప్రశ్న అడుగుటకే ఆ చట్టమున చోటు లేదు. దాని పేరు నేరస్థ జాతుల చట్టము. 1871లో ఉత్తర హిందూస్థానమున మొదలై, 1911లో సవరింపబడి మన మద్రాసు రాజధానికి వ్యాపించెను. 1924లో మరల తిరుగవ్రాయబడెను. దాని నడక ఇట్టిది. ఫలానా జాతి నేరస్థ జాతియని ప్రభుత్వము గెజిటులో ప్రకటించును. అంతటితో సరి. ఆ ప్రకటన తప్పని ఏ న్యాయస్థానమునందును వాదింపరాదు. ఆ జాతివారి పేర్లు రిజిస్టరులోనికి ఎక్కును. వారి వేలిముద్రలు తీయబడును. నియమిత వేళలకు వచ్చి హాజరు చెప్పవలెను. కొన్ని నేరములకు రెండవమారు శిక్షపడినచో ఏడు సంవత్సరములకు తక్కువ కాని జైలు. మూడవమారు పడినచో యావజ్జీవ ద్వీపాంతరవాసము. దొంగతనము చేయబోవుచుండెనని అనుమానము కలుగునట్టి స్థితిలో కనబడినను మూడేండ్ల వరకు జైలు. ఇదే పని వేరొక కులమువాడు చేసినచో వానికి సామాన్య చట్టమే. పిల్లలను తలిదండ్రుల యొద్ద నుండి తీసి వేరుగ పాఠశాలలలో ఉంచుటకును ఆ చట్టమున అధికారమున్నది.

ఇప్పుడు పౌలు పదుమూడవ అధ్యాయమును మరల తెరువుడి. ఈసారి మూడవ, నాలుగవ వచనములను విడువక చదువుడి. ఏలుబడి చేయువారు మంచిపని చేయువారికి కాదు, చెడ్డపని చేయువారికే భయమని అపొస్తలుడు అక్కడ చెప్పుచున్నాడు. అనగా లోబడుమని చెప్పిన నోటితోనే అధికారికి కొలతబద్దను చూపుచున్నాడు. ఆ కొలతబద్ద పేరు పని, క్రియ. ఇప్పుడే పుట్టిన ఎరుకల బిడ్డ ఏ పని చేసినది? మంచిదా? చెడ్డదా? క్రియను విడిచి పుట్టుకను శిక్షించు చట్టము పౌలు వర్ణించిన అధికారము చేయు పనిని చేయుట లేదు. మన ప్రసంగికులు మొదటి రెండు వచనములతో ఆగుట వలన వచ్చిన చిక్కిది.

ఆ పౌలే ఫిలిప్పీలో ఏమి చేసెనో అపొస్తలుల కార్యములు పదునారవ అధ్యాయమున చూడుడి. విచారణ లేక బెత్తములతో కొట్టించి చెరలో వేసిన న్యాయాధిపతులు మరునాడు రహస్యముగ వెళ్లిపొమ్మని కబురంపగా, ఆయన కదలలేదు. బహిరంగముగ కొట్టించి రహస్యముగ పంపుట కుదరదని, వారే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తోడుకొని పోవలెనని పట్టుబట్టెను. వారు భయపడి వచ్చిరి. యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడును, శిక్ష విధింపబడని రోమీయుని కొట్టుట మీకు తగునా యని శతాధిపతిని అడిగినది ఆయనయే. అన్యాయము ఎదుట చట్టమును జ్ఞాపకము చేయుట లోబడకపోవుట కాదని దీనివలన తెలియుచున్నది. రోమా పత్రికతో పాటు ఈ సంగతులను కూడ చదివినచో మన ప్రసంగము అంత సుళువుగ ముగియదు.

ఎస్తేరు గ్రంథములో ఇంతకన్న దగ్గరి పోలిక కలదు. రాజ్యమంతట చెదరియున్న యొక జనము ఉన్నదని, వారి విధులు వేరని, వారిని ఉండనిచ్చుట రాజునకు ప్రయోజనకరము కాదని హామాను రాజు చెవిలో వేసెను. మొర్దెకై ఒక్కడు తనకు నమస్కరింపనందుకు జనమంతటికి తాకీదు పుట్టినది. రాజముద్ర పడినది గనుక తరువాత రాజే పశ్చాత్తాపపడినను దానిని రద్దు చేయ వీలులేకపోయెను. ఒకని మీది కోపము జాతి మీద చట్టముగా మారుట, ఆ చట్టమును ప్రశ్నించు ద్వారము మూయబడుట, ఈ రెండును పారసీక దేశమున జరిగినట్లే మన బాపట్ల తాలూకాలోను జరిగినవి.

ఎరుకలవారిలో దొంగలే లేరా యని మీరు అడుగవచ్చును. ఉండిరి. అన్ని కులములలోను ఉండిరి. అయితే వీరి పూర్వపు బ్రతుకు ఏమో తెలిసికొనుట మంచిది. వీరు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును పై ఊళ్లకు మోసి, ధాన్యమునకు మార్చుకొని వచ్చుచుండినవారు. బుట్టలు, తట్టలు అల్లిరి. స్త్రీలు ఎరుక చెప్పిరి. ఉప్పు మీద సర్కారు పన్ను, సర్కారు పట్టు బిగిసినవి. రైలు వచ్చి ఉప్పు బస్తాలను ఒక్క రాత్రిలో దాటించెను. 1882 మద్రాసు అటవీ చట్టముతో వెదురు కోయుటకును, పశువులను మేపుటకును అడ్డు వచ్చెను. మొదట చట్టములు వారి వృత్తిని తీసికొనెను; వృత్తి లేక తిరుగుచున్నారు గనుక దొంగలని తరువాతి చట్టము చెప్పెను. అడవి చట్టపు బాధ ఒక్క ఎరుకలవారిదే కాదు. పల్నాటి రైతులు పుల్లరి కట్టలేమని తిరుగబడగా 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకికి బలియైన సంగతి మీరెరిగినదే. హనుమంతుని గూర్చి బుర్రకథ చెప్పుకొందుము. ఎరుకలవారిని గూర్చి ఎవరు చెప్పిరి?

ఇక మన పాలు.

రక్షణ సైన్యమును హిందూదేశమునకు తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ సామాన్యుడు కాడు. సివిల్ సర్వీసు ఉద్యోగమును వదలి, కాషాయము కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకొని, పాదరక్షలు లేక మన ఊళ్లలో మన అన్నము తిని తిరిగినవాడు. 1908లో గోరఖ్‌పూరులో ఈ సెటిల్‌మెంటు పనికి పూనుకొన్నది ఆయనయే. ఆ పిమ్మట స్టూవర్టుపురము, కృష్ణ యొడ్డున సీతానగరము వెలసెను. రక్షణ సైన్యము ఒక్కటే కాదు. నెల్లూరు జిల్లా కావలిలో మన అమెరికన్ బాప్టిస్టు మిషనువారును శామ్యూల్ బాడన్ దొర క్రింద అట్టి సెటిల్‌మెంటును నడిపిరి. పంట భూమి ఇచ్చిరి, బడి పెట్టిరి, రోగులకు మందిచ్చిరి. అనేకులు తమ ఆయుష్షు అక్కడ ధారపోసిరి. దీనిని తేలికగా మాటాడువాడు కృతఘ్నుడు.

అయినను బూత్ టక్కర్ గారు వ్రాసిన పుస్తకమొకటి కలదు. దాని పేరు క్రిమినోక్యూరాలజీ. నేరమును రోగముగా నెంచి, దానిని మాన్పు శాస్త్రమని ఆ పేరునకు అర్థము. పేరు క్రింద ఈ ప్రజలను పిలిచిన మాట 'క్రిమ్'. క్రిమినల్ అను మాటను ముద్దుగా కుదించిన రూపమది! ఇంటిలో పిల్లవానిని పిలిచినట్లు ఒక జాతిని నేరము పేర పిలుచుట. ఆ పేరున ద్వేషమున్నదని నేననను. రోగిని చూచి వైద్యుడు జాలిపడినట్లు గ్రంథకర్త జాలిపడెను. కాని ఈ వైద్యుడు తాళపుచెవిని కూడ చేత పట్టుకొన్నాడు. ఉదయమున వాక్యము చదివిన నోరే సాయంకాలమున హాజరు పిలిచినది. రోగి నిజముగా రోగియేనా యని పరీక్షించుటకు ముందే చికిత్స మొదలైనది. నీవు దొంగిలితివా యని ఒక్కొక్కని ప్రత్యేకముగా అడిగి, లేదన్నవానిని ఇంటికి పంపు వీలు ఆ వైద్యమున లేదు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి, సీతానగరము కొండరాతి పనికి ఈ సెటిల్‌మెంట్ల నుండి పనివారు పోయిరి. మానివేసెదనని చెప్పి ఊరు దాటిపోవు స్వాతంత్ర్యము లేని పనివారు యజమానికి ఎంత చవుకయో రైతు బిడ్డలైన మీకు నేను చెప్పనక్కరలేదు.

దీని ప్రక్కన ఇంకొక పుస్తకమును పెట్టెదను. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు వాస్తవ్యుడు ఉన్నవ లక్ష్మీనారాయణగారు పల్నాటి ఉద్యమము నిమిత్తము జైలుకు పోయి, రాయవేలూరు జైలులో మాలపల్లి నవల వ్రాసిరి. 1922లో అచ్చుపడెను, ప్రభుత్వము నిషేధించెను. సాహిత్య దృష్టితో చూచినచో దానిలో లోపములున్నవి. ఉపన్యాసములు ఎక్కువ, వేదాంత చర్చలలో కథ నిలిచిపోవు చోట్లు అనేకము, మంచివారు మరీ మంచివారు. కాని రామదాసు కుటుంబమును గమనింపుడి. భక్తిగల మాల రైతు కుటుంబమది. ఒక కొడుకు సంగదాసు భూస్వామి దెబ్బకు చచ్చును. ఇంకొక కొడుకు దోపిడిగాండ్రలో కలియును. మిగిలినవారికి సెటిల్‌మెంటు వాసము సంభవించును. ఆ భాగము చదివినప్పుడు మిషను బడిలో చదివిన నా మనస్సు నొచ్చుకొన్నది. మనవారిని ఇట్లు చూపుట తగునా అనుకొంటిని. రెండవమారు చదివినప్పుడు తెలిసినది, ఉన్నవవారు కంచెకు లోపలి ప్రక్కన నిలిచి చూచినారు, బూత్ టక్కర్ గారు వెలుపలి ప్రక్కన నిలిచి చూచినారు. జైలులో కూర్చుండి వ్రాసినవానికి కంచె కనబడుట సహజమే. క్రీస్తు నామము ధరించిన మనకు అది ముందుగ కనబడవలసినది.

సెటిల్‌మెంటు కాకపోయినచో వారు పోలీసుల చేతిలో ఇంకను బాధపడియుండెడివారు గదా యని కొందరందురు. నిజమే కావచ్చును. గాయపడినవానికి కట్టు కట్టుట సమరయుని పని. కాని కట్టు కట్టుచునే కొట్టినవాని పక్షమున హాజరు పట్టీ వ్రాయుట ఏ ఉపమానములోను లేదు. దయ చూపినంత మాత్రమున అన్యాయపు చట్టము న్యాయమైనది కాజాలదు. నిజమునకు ఆ దయ వలననే దానికి మంచి పేరు వచ్చి, దాని ఆయుష్షు పెరిగినదేమో యని నా అనుమానము. ఆ చట్టము పోవలెనని మన జిల్లాలలో పాటుపడినవారిలో మన సంఘనాయకుల పేర్లు నాకు కానరావు. నెల్లూరు సీమలో యానాదుల కొరకు పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారి పేరు కానవచ్చుచున్నది. మద్రాసులో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31నను అది రద్దయ్యెను. దాని బదులు అలవాటు నేరస్థుల చట్టములు వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అట్టిది చేయబడెను. అది జాతిని గాక వ్యక్తిని చూచునని కాగితము మీద ఉన్నది. ఎరుకలవారు షెడ్యూల్డు తెగలలో చేర్చబడిరి. 1970వ దశకమున జాషువా కవిగారి కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం స్టూవర్టుపురమునకు పోయి నేరపు బ్రతుకు విడువగోరినవారి చెంత పనిచేసిరి. లవణంగారు నాస్తికుడు. ఈ సంగతిని ఊరక చెప్పుట లేదు. చట్టము పోయినను ఊరి పేరు మీది మచ్చ పోలేదు. ఆ పేరు పెట్టి దొంగల సినిమాలు తీసి డబ్బు చేసికొన్నవారు 1991లోను ఉండిరి, 2023లోను ఉండిరి.

1963 ఏప్రిలులో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుండి మార్టిన్ లూథర్ కింగ్ అను నల్లజాతి బాప్టిస్టు పాదిరి, తనను తొందరపడకుమన్న ఎనమండుగురు మతపెద్దలకు ఉత్తరము వ్రాసెను. ఎక్కువమంది తక్కువమందిపై మోపి, తాము మాత్రము దానికి కట్టుబడని చట్టము అన్యాయమైనదని ఆయన చెప్పిన గుర్తులలో ఒకటి. మునసబు కొడుకు వేలిముద్రలు ఎవరైన తీసిరా? అట్టి చట్టమును మీరువాడు దాగి మీరరాదు, బహిరంగముగ, ప్రేమతో, శిక్షకు సిద్ధపడి మీరవలెనని కూడ ఆయన చెప్పెను. చట్టమును గౌరవించువాడు మాత్రమే అట్లు చేయగలడు. పైకి న్యాయముగ ఉన్న చట్టము అమలులో అన్యాయమగుటను గూర్చియు ఆయన వ్రాసెను. దానికి మన జిల్లాల సాక్ష్యమున్నది: 1985లో కారంచేడున మన మాదిగ సహోదరులు చంపబడి, మిగిలినవారు చీరాలకు పరుగెత్తి ప్రాణములు దక్కించుకొన్న పిమ్మట, 1989లో అత్యాచారాల నిరోధక చట్టము వచ్చెను. మంచి చట్టమే. 1991లో చుండూరున ఎనమండుగురు చంపబడిరి. ప్రత్యేక న్యాయస్థానము 2007లో శిక్షలు వేసెను. 2014లో హైకోర్టు అందరిని విడుదల చేసెను.

ఇంతవరకు ఇతరుల కథ. మనకు నేరుగ తగులు చట్టమొకటి ఉన్నది గనుక దానిని దాటిపోజాలను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది సవరింపబడెను; క్రైస్తవులకు కాలేదు. మతముతో సంబంధము లేకుండ చూడవలెనని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసెను. మన రాష్ట్రమున బాప్తిస్మము పొందిన మాల మాదిగలు వెనుకబడిన తరగతులలో సి గుంపున చేర్చబడిరి. దానికి నూటికి ఒక్క వంతు. బాప్తిస్మపు నీళ్లలో కులము కొట్టుకొనిపోయెనని ఆ ఉత్తర్వు తలంచుచున్నది. మోతుబరి ఇంటి వాకిట, శ్మశానపు దారిలో, పెండ్లి సంబంధములలో కులము చెక్కుచెదరక నిలిచియున్నది. ఇది భారమైన చట్టమా, అన్యాయమైన చట్టమా? పైన చెప్పిన కొలతతో కొలిచి చూడుడి: ఇది నీ క్రియను చూచుచున్నదా, నీవు మోకాళ్లూనిన చోటును చూచుచున్నదా?

ఇంకొక కొలతయు ఉన్నదని నాకు తోచుచున్నది. అన్యాయపు చట్టము మంచివారికి అబద్ధము నేర్పును. మన పిల్లలలో ఎందరికి ఆదివారము ఒక పేరు, సర్టిఫికెట్టు మీద ఇంకొక పేరు? ఆ తలిదండ్రులను పీఠము మీద నుండి గద్దించుట సుళువు, నేను గద్దింపను. పిల్లవాని చదువు ఒక తట్ట, ప్రభువు నామము ఒక తట్ట పెట్టి తూచుకొమ్మని చెప్పినది వారు కాదు, ఉత్తర్వు. అట్లని అబద్ధము మంచిదనియు అనజాలను. దీనిని గూర్చి సంఘములో బాహాటముగ మాటాడక, రెండు పేర్లను ఎరిగియు ఎరుగనట్లు ఊరకుండుటయే మన తప్పు. ఫిలిప్పీలో పౌలు ఊరకుండలేదు.

ఈ ఉత్తర్వుపై ఊరేగింపులు చేసితిమి, మహజరులు పంపితిమి, చేయవలసినదే. కాని పుట్టుకను చూచి తీర్పు తీర్చవద్దని మనము ఢిల్లీకి మొరపెట్టుకొనుచు, మన ఊరి చివర ఏమి చేయుచున్నామో చూచుకొంటిమా?

నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పి ముగించెదను. ఊరి పేరు అక్కరలేదు. కళ్లములో ఎండబోసిన మిరపకాయలను బస్తాలకెత్తి, తెల్లవారి గుంటూరు బండికి వేయవలెనని ఉంచిరి. తెల్లవారునప్పటికి ఒక బస్తా తగ్గినది. ఆ కళ్లము మన సంఘపు పెద్ద యొకనిది. భక్తిపరుడు, ఉదయ ప్రార్థన తప్పనివాడు. ఆయన ఎవరిని ఏమియు అడుగలేదు. చెరువు కట్ట క్రింద బుట్టలల్లుకొను ఎరుకల కుటుంబము గుడిసె వైపు చేయి చూపెను. అంతే. పోలీసులు వచ్చి ఆ ఇంటి మగవానిని తీసికొనిపోయిరి. మూడవ దినమున అతడు తిరిగి వచ్చెను. ఎడమ చేతితో అన్నము తినుట చూచితిని. ఆ చట్టము రద్దయి అప్పటికే చాల యేండ్లు గడచినవి.

పది దినములకు బస్తా దొరికెను. బండితోలువాడు చీకటిలో లెక్క తప్పి ముందటి బండిలోనే దానిని వేసియుండెను. యార్డులో చీటీ చూచుకొనగా తెలిసినది. పెద్దాయన ఆ ఆదివారము కృతజ్ఞతార్పణ వేసెను. మేమందరము ఆమెన్ అంటిమి. బస్తా దొరికినదని చెప్పుటకు చెరువు కట్ట క్రిందికి ఎవరును పోలేదు. నాకప్పుడు పండ్రెండేండ్లు, బడికి పోవు దారి ఆ గుడిసె ముందు నుండియే. నేనును చెప్పలేదు.